నవంబరు ముందే కనబడాలి

(తిరుపతిలో ఇంజనీరింగ్ రెండో సంవత్సరం విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరు అట్లాగే ఉంచి, అవసరమైనచోట వాక్యాలు మాత్రం సరిచేశాం. చివర్లో విద్యార్థులు అడిగిన ప్రశ్నలు కూడా ఇచ్చాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడినవాళ్ళు ముందుకొచ్చి కూర్చోండి. ముందు రెండు వరుసలు ఎప్పట్లాగే ఖాళీగా ఉన్నాయి.

చదువు, రీసెర్చి, ఆట, సేవ, ఈ నాలుగూ కలిపి ఎట్లా నడపాలో చెప్పమన్నారు. ఈ మాట వినగానే మీలో చాలామంది ఒక టైం టేబుల్ గీస్తారు. పొద్దున గ్రౌండు, పగలు క్లాసు, సాయంత్రం ల్యాబు, రాత్రి చదువు. ఆ కాగితం హాస్టల్ గోడ మీద రెండు వారాలు ఉంటుంది. ఫస్ట్ మిడ్ (సెమిస్టరు మధ్యలో పెట్టే పరీక్ష) నాటికి దాని మేకుకి టవలు వేలాడుతుంటుంది. (నవ్వులు)

ఆ కాగితం ఎందుకు నిలవదంటే, నాలుగు పనుల్నీ అది ఒకే రకంగా చూస్తుంది. రీసెర్చి పేపరు చదవడం ఈ రోజు కాకపోతే రేపు కుదురుతుంది. మిడ్ తేదీ అట్లా జరపలేం. టోర్నమెంటు, ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) క్యాంపు, పోసిన కాంక్రీట్ క్యూబుకి బలం పరీక్షించాల్సిన ఇరవై ఎనిమిదో రోజు, ఇవేవీ మీ కోసం ఆగవు. ఇట్లాంటి కదలని తేదీలు రెండు ఒకే వారంలో పడినప్పుడే మీకు దెబ్బ తగులుతుంది. మన తిరుపతిలో అవి ఎక్కువగా నవంబరులో పడతాయి. ఈశాన్య రుతుపవనాల వానలు అప్పుడే, యూనివర్సిటీ జట్ల ఎంపికలూ టోర్నమెంట్లూ ఆ చుట్టుపక్కలే, మొదటి సెమిస్టరు ముగింపు ఆ వెంటనే. కాబట్టి నేను చెప్పేదంతా ఒక్క విషయం చుట్టూ తిరుగుతుంది: నవంబరు మీకు ఆగస్టులోనే కనబడాలి.

ముందు గంటల లెక్క. దీన్ని తొందరగా ముగిస్తాను. వారానికి 168 గంటలు. నిద్రకి రోజుకు ఏడున్నర చొప్పున 52న్నర. తిండి, స్నానం, బట్టలు ఉతకడం, రోజుకు రెండున్నర చొప్పున 17న్నర. కాలేజీలో ఆరు రోజులు ఏడేసి గంటలు, 42. రానూపోనూ రోజుకు గంటన్నర, 9. మిగిలింది 47. అందులో సొంత చదువుకి 15, ఆటకి 10, రీసెర్చికి 8, సేవకి 4 తీసేయండి. ఇంకా 10 గంటలు చేతిలో ఉన్నాయి. సేవకి 4 ఎందుకు వేశానంటే, ఎన్‌ఎస్‌ఎస్‌లో ఏడాదికి 120 గంటలు, రెండేళ్ళకి 240 పూర్తి చేయాలి. కాలేజీ నడిచే వారాలు ఏడాదికి ముప్పై అనుకుంటే వారానికి నాలుగు.

కాగితం మీద లెక్క సరిపోయింది. మరి తప్పేదెక్కడ? ముక్కల దగ్గర. ల్యాబు పనికి మూడు గంటలు ఒకే పట్టున కావాలి. అరగంట చొప్పున ఆరుసార్లు దొరికితే దాంతో ఏ ప్రయోగమూ నడవదు. గంటన్నర ఆట అంటే బూట్లు వేసుకునేదగ్గర్నుంచి స్నానం దాకా రెండు గంటలు. సాయంత్రం ఐదుకి ప్రాక్టీసు మొదలుపెడితే, మెస్సులో తిని గదికి వచ్చేసరికి ఎనిమిదిన్నర. ఆ వేళ ట్రాన్స్‌ఫార్మ్స్ లెక్కలు పెట్టుకోకండి, రెండో లెక్కకే కళ్ళు మూతపడతాయి. రికార్డు రాయడం, గ్రాఫులు గీయడం, చదివిన పేపర్ల వివరాలు జొటేరోలోకి (పేపర్లు పేర్చుకునే సాఫ్ట్‌వేర్) ఎక్కించడం లాంటివి అప్పటికి ఉంచండి. తల పెట్టాల్సిన సబ్జెక్టుకి తెల్లవారుజామున ఐదున్నర నుంచి ఏడు దాకా సమయం మంచిది. మీ జట్టు పొద్దున పూట ఆడేదైతే ఆ గంటన్నర పోతుంది, రెండో పీరియడ్‌లో కునుకు కూడా వస్తుంది. అప్పుడు మధ్యాహ్నం ఖాళీ పీరియడ్ ఏదుందో చూసి లైబ్రరీలో కూర్చోవాలి. క్యాంటీన్‌లో కాదు.

ఇక చదువు. మన ప్రాంతంలో జేఎన్‌టీయూ అనంతపురం కింద ఉన్న కాలేజీల్లో థియరీ సబ్జెక్టుకి ఇంటర్నల్ 30, ఎక్స్‌టర్నల్ 70. రెండు మిడ్స్‌లో ఎక్కువ వచ్చినదానికి 80 శాతం, తక్కువ వచ్చినదానికి 20 శాతం వెయిటేజి. దీన్ని విని కొందరు ‘ఒక మిడ్ వదిలేసినా పర్లేదు’ అనుకుంటారు. లెక్క చూడండి. ఒక మిడ్‌లో 28 వచ్చి, రెండోది రాయకపోతే 22.4. రెండోది హడావుడిగా రాసి 20 తెచ్చుకున్నా 26.4. తేడా నాలుగు మార్కులే, ఇక్కడిదాకా మీ వాదన నిలుస్తుంది. కానీ టోర్నమెంటు కోసం మొదటి మిడ్ వదిలేసి, రెండో మిడ్ నాటికి సిలబస్ రెండో సగం కూడా అందక 20 వస్తే చేతికొచ్చేది 16. మొదటి మిడ్ వదిలినవాళ్ళకి ఆ సగం సిలబస్ సెమిస్టరు చివరిదాకా ముట్టుకోకుండానే ఉండిపోతుంది, అసలు నష్టం అదీ. కాబట్టి మొదటి మిడ్‌లో గట్టిగా తెచ్చుకోండి. వానలూ టోర్నమెంట్లూ వచ్చేది రెండో మిడ్ వైపే, మీకు వెసులుబాటు కావాల్సింది అక్కడ. అటానమస్ (పరీక్షలు సొంతంగా పెట్టుకునే) కాలేజీల్లో, ఎస్వీ యూనివర్సిటీలో, ఏర్పేడు ఐఐటీలో చదివే మీ స్నేహితుల లెక్కలు వేరు. ఎవరి రెగ్యులేషన్ (పరీక్షలు, మార్కుల నిబంధనల) పుస్తకం వాళ్ళు తెరిచి చూసుకోవాలి. సీనియర్ చెప్పింది పాత రెగ్యులేషన్ లెక్క అయ్యుండొచ్చు.

హాజరు 75 శాతం. రోజుకి ఏడు పీరియడ్లు, వారానికి 42, పదహారు వారాలకి 672. అందులో పావు వంతు 168, అంటే 24 రోజులు. చాలా ఉన్నట్టు అనిపిస్తుంది. కాలేజీల మధ్య టోర్నమెంటుకి నాలుగు రోజులు. యూనివర్సిటీ జట్టులోకి వస్తే కోచింగ్ క్యాంపు, రైలు ప్రయాణం, సౌత్ జోన్ పోటీలు కలిపి మరో పది. ఎన్‌ఎస్‌ఎస్ ప్రత్యేక శిబిరం ఏడు. అయ్యాయి 21. ఒక జ్వరం వస్తే చాలు. 65కీ 75కీ మధ్య ఉంటే సరైన కారణం, రుజువు చూపించి కండొనేషన్ (హాజరు తగ్గినందుకు మినహాయింపు) అడగొచ్చు. 65 దిగువకి పోతే డిటైనే, అంటే ఆ సెమిస్టరు మళ్ళీ చదవాల్సిందే, ఎవరు చెప్పినా ఆగదు.

అందుకే ఓడీ (ఆన్ డ్యూటీ) కాగితం, బయటికి ఆడటానికి పోయిన రోజులకి హాజరు ఇప్పించేది. దీని గురించి ఎవరూ నేర్పరు కాబట్టి వరసగా చెప్తాను. ఎంపికైనవాళ్ళ జాబితా పీడీ (ఫిజికల్ డైరెక్టర్) సార్ దగ్గర ప్రింటు తీసుకోండి. దాన్ని జతచేసి ఓడీ లెటర్ రాసి పీడీ సంతకం, తర్వాత హెచ్‌ఓడీ (డిపార్ట్‌మెంట్ హెడ్), తర్వాత ప్రిన్సిపాల్. మూడు సంతకాలూ బయల్దేరకముందే అయిపోవాలి. వచ్చాక పెట్టుకుందాం అంటే అప్పటికి ఆ నెల హాజరు ఆన్‌లైన్‌లోకి ఎక్కేసి ఉంటుంది, వెనక్కి మార్చాలంటే మళ్ళీ పైదాకా పోవాలి. ఒక జెరాక్సు క్లాస్ ఇన్‌ఛార్జికి, ఒకటి మీ దగ్గర. తిరిగొచ్చిన రెండు రోజుల్లో పార్టిసిపేషన్ సర్టిఫికెట్ కాపీ ఇవ్వండి. ఇంకొకటి మర్చిపోతారు. ఓడీ హాజరు ఇస్తుంది, ప్రయోగం చేసిపెట్టదు. మీరు పోయే వారంలో ఏ ల్యాబు ఉందో చూసి, వేరే బ్యాచ్‌తో ముందే చేసేస్తానని ల్యాబ్ ఇన్‌ఛార్జిని అడగండి. ముందు అడిగితే ఎక్కువమంది ఒప్పుకుంటారు. తర్వాత అడిగితే, సెమిస్టరు చివర్లో అందరితోపాటు రిపీట్ స్లాట్ కోసం క్యూలో నిలబడాలి.

ఇప్పుడు రీసెర్చి. దీనికి ఎక్కువ సమయం తీసుకుంటాను, ఎందుకంటే రెండో సంవత్సరంలో రీసెర్చి అనగానే అందరూ పేపర్ల గురించే మాట్లాడతారు, తేదీల గురించి ఎవరూ మాట్లాడరు. సివిల్ ఉదాహరణ తీసుకుంటాను. సిమెంటులో కొంత భాగం బదులు ఫ్లై యాష్ (బొగ్గు కాల్చగా వచ్చే సన్నని బూడిద) వేసి బలం ఎట్లా మారుతుందో చూడాలి. ఐదు రకాల మిక్సులు, అంటే పాళ్ళు మార్చి కలిపిన కాంక్రీట్లు. ఒక్కో మిక్సుకి 7 రోజుల పరీక్షకి మూడు, 28 రోజుల పరీక్షకి మూడు, మొత్తం ఆరు క్యూబులు. ఐదు మిక్సులకి ముప్పై. 150 మిల్లీమీటర్ల క్యూబు ఒక్కోటి ఎనిమిది కిలోల పైన ఉంటుంది. అంటే సుమారు 250 కిలోల కాంక్రీటు మీరు తూచి, కలిపి, పోసి, మోసి, నీళ్ళలో వేసి, మళ్ళీ తీసి మిషన్ మీద పెట్టాలి. ‘వీకెండ్‌లో చేసేస్తాం సార్’ అనేవాళ్ళు ముందు ఈ బరువు చూసుకోవాలి.

పోసిన క్యూబుని 24 గంటలకి అచ్చులోంచి తీయాలి. కాంక్రీటు పరీక్షల భారతీయ ప్రమాణం ఐఎస్ 516 చెప్పేది ఇరవై నాలుగు గంటలు, అరగంట అటూ ఇటూ. శనివారం మధ్యాహ్నం పోస్తే ఆదివారం మధ్యాహ్నం ల్యాబుకి తాళం. సోమవారం తీస్తే ఆ మిక్సు మిగతావాటితో పోల్చడానికి పనికిరాదు. ఇంకో సౌకర్యం చూడండి. ఏడూ, ఇరవై ఎనిమిదీ రెండూ ఏడుతో భాగింపబడతాయి. మంగళవారం పోస్తే ఏడో రోజు మంగళవారమే, ఇరవై ఎనిమిదో రోజూ మంగళవారమే. కాబట్టి సెమిస్టరు మొత్తం వారంలో ఏ రోజు మధ్యాహ్నం మీకు ఖాళీ ఉంటుందో, దాని మర్నాడు కూడా అరగంట దొరుకుతుందో ఆ రోజుని పట్టుకోండి. వారానికొక మిక్సు చొప్పున ఐదు మంగళవారాలు పోస్తే, ఆఖరి 28 రోజుల పరీక్ష తొమ్మిదో మంగళవారం. మధ్యలో ఐదో మంగళవారం బరువైనది: ఐదో మిక్సు పోయాలి, నాలుగో మిక్సు 7 రోజుల పరీక్ష, మొదటి మిక్సు 28 రోజుల పరీక్ష, మూడూ ఆ ఒక్క మధ్యాహ్నమే. ఆ రోజు ప్రాక్టీసుకి రానని కెప్టెన్‌కి నెల ముందే చెప్పేయండి. ఆ మంగళవారం మిడ్స్‌లో పడుతుందేమో మొదటి మిక్సు పోయకముందే చూసుకోవాలి. పడితే మొదలుపెట్టేది ఒక వారం ముందుకో వెనక్కో జరపండి. మొదలుపెట్టాక ఏదీ జరగదు.

ఆగస్టు మూడో వారంలో మొదలైతే అక్టోబరు మధ్యకి అయిపోతుంది. సెప్టెంబరు చివర్లో మొదలుపెడితే? పోతపోసే ఆఖరి రోజులు వానల్లోకి వెళ్తాయి. అప్పుడేమవుతుందో అంకెల్లో చెప్తాను. ముప్పై క్యూబులకి వృథా కలిపి 0.115 ఘనపు మీటర్లు కావాలి. ఘనపు మీటరుకి నీళ్ళు 180 కిలోలు, సిమెంటు 400, ఇసుక 700 అనుకోండి. వాటర్ సిమెంట్ రేషియో, అంటే సిమెంటుకి నీళ్ళ నిష్పత్తి, 0.45. మీ మొత్తానికి సిమెంటు 46 కిలోలు, నీళ్ళు 20.7, ఇసుక 80న్నర. బయట కుప్పపోసిన ఇసుకకి వాన తగిలి 4 శాతం తడి పట్టిందనుకుందాం. ఆ ఇసుకతోపాటే 3.2 కిలోల నీళ్ళు మీకు తెలియకుండా లోపలికి పోతాయి. రేషియో 0.52కి చేరుతుంది. స్లంప్ (తడి కాంక్రీటు ఎంత జారుతుందో చూపే కొలత) ఎక్కువగా వస్తుంది, చూసి ‘వర్కబిలిటీ బాగుంది’ అనుకుంటారు, 28వ రోజు బలం పడిపోతుంది. దానికి కారణం ఫ్లై యాష్ అని పేపర్లో రాసేస్తారు! ప్రాక్టీసుకి టైమవుతోందని పరిగెత్తే రోజుల్లోనే ఇది జరుగుతుంది. తప్పించుకునే దారి సులువు. పోసే రోజు అరకిలో ఇసుక పెనం మీద వేయించి, ముందూ తర్వాతా తూచండి. పావుగంట పని. వచ్చిన తడిని నీళ్ళలోంచి తగ్గించి, ఇసుకని అంతమేర పెంచండి. ఇసుక తనలోకి పీల్చుకునే నీటిని కూడా ఈ తడిలోంచి తీసేయాలి, ఆ అంకె మీ మెటీరియల్స్ ల్యాబ్ రికార్డులోనే ఉంటుంది.

మిగతావి గబగబా. క్యూబు పోసేటప్పుడు ఒక్కో పొరకి కమ్మీతో 35 పోట్లు. క్యూబులు నానబెట్టే క్యూరింగ్ తొట్టిలో నీళ్ళు వారానికోసారి మార్చాలి. పరీక్షకి క్యూబు తడిగానే ఉండాలి, పైన నీళ్ళు మాత్రం గుడ్డతో తుడవాలి. పోసేటప్పుడు పైన ఉన్న ముఖాన్ని మిషన్ ప్లేటుకి ఆనించకూడదు, పక్క ముఖాల మీద లోడు పెట్టాలి. లోడు నిమిషానికి చదరపు సెంటీమీటరుకి 140 కిలోలు, మీ క్యూబుకి సెకనుకి సుమారు 5.2 కిలోన్యూటన్లు. తొందరపడి వేగం పెంచితే బలం ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. మూడు క్యూబుల్లో ఏదైనా సగటుకి 15 శాతం కన్నా ఎక్కువ తేడా చూపిస్తే ఆ సెట్టు చెల్లదు. మళ్ళీ పోయాలి, మళ్ళీ 28 రోజులు. ఆ అదనపు వారాలు మీ క్యాలెండర్‌లో ఉన్నాయా? లేకపోతే ఐదు మిక్సులు వద్దు, నాలుగు పెట్టుకోండి. నాలుగు మిక్సుల నమ్మదగిన ఫలితం, ఐదు మిక్సుల అనుమానపు ఫలితం కంటే గైడుకీ నయం, మీకూ నయం.

నోట్‌బుక్ సంగతి. తేదీ, పోసిన సమయం, తడి శాతం, స్లంప్, ఎవరు తూచారు, ఇవన్నీ అక్కడికక్కడే పెన్నుతో రాయాలి. తప్పు పడితే ఒక గీత గీసి పక్కన రాయండి, చింపకండి. రాత్రి ఫోటో తీసి డ్రైవ్‌లో పెట్టండి. ఎవరి పేరు పేపర్‌లో ముందుండాలనే మాట మొదటి వారంలోనే గైడు ముందు తేల్చుకోండి, చివర్లో తేల్చుకుంటే స్నేహాలు పోతాయి. డబ్బు కడితే మూడు రోజుల్లో ప్రచురిస్తామని మెయిల్ వస్తే తొలగించండి. అది రెజ్యూమెలో ఉన్నా తెలిసినవాళ్ళు చూసి నవ్వుకుంటారు.

వేసవి గురించి ఒక్కమాట. సైన్స్ అకాడమీలు ఇచ్చే వేసవి రీసెర్చి ఫెలోషిప్ రెండు నెలలు ఉంటుంది. దరఖాస్తు అంతకుముందు ఏడాది చివరికే ముగుస్తుంది. అంటే అదీ ఇంచుమించు నవంబరు పనే! రికమెండేషన్ లెటర్ కోసం సార్‌ని కనీసం మూడు వారాల ముందు అడగండి. రెండో సంవత్సరం తర్వాత వేసవిలో మీకు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు కూడా ఉంటుంది, రెండూ ఒకేసారి పడితే ఏది ఎప్పుడు చేయనిస్తారో దరఖాస్తు పెట్టకముందే డిపార్ట్‌మెంట్‌లో అడిగి తెలుసుకోవాలి. ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) వాళ్ళు, ఫిజిక్స్ మీద మనసున్నవాళ్ళు గాదంకి వైపు చూడండి. పై వాతావరణాన్ని గమనించే 53 మెగాహెర్ట్జ్ ఎంఎస్‌టీ రాడార్ మన ఊరికి ఇంత దగ్గరలో ఉంది. బెంగళూరు, చెన్నై అని పరిగెత్తేముందు అక్కడి నేషనల్ అట్మాస్ఫియరిక్ రీసెర్చ్ లేబొరేటరీ వెబ్‌సైటు చూస్తే పోయేదేమీ లేదు.

ఆట. మిడ్స్ కోసం రెండు వారాలు మానేసి, పరీక్ష అయిన సాయంత్రమే పూర్తి ప్రాక్టీసుకి దిగుతారు. హ్యామ్‌స్ట్రింగ్ పట్టేసేది ఆ వారంలోనే. గ్యాప్ తర్వాత మొదటి వారం సగం పని చేయండి, తర్వాత వారానికి కొంచెం కొంచెం పెంచండి. ఇంకా మంచి పద్ధతి, మిడ్స్‌లో కూడా పూర్తిగా మానకుండా వారానికి రెండుసార్లు నలభై నిమిషాలు పరిగెత్తండి. చదువుకేమీ అడ్డురాదు, నిద్ర బాగా పడుతుంది.

నవంబరులో గ్రౌండు తడి. ఎర్రమట్టి కబడ్డీ కోర్టులో, వాలీబాల్ నెట్టు దగ్గర చీలమండ మెలిపడుతుంది. ఆట ఆపేసి, ఐసు గుడ్డలో చుట్టి పదిహేను ఇరవై నిమిషాలు పెట్టి, క్రేప్ బ్యాండేజి కట్టి కాలు ఎత్తులో ఉంచండి. వేడి కాపడం, గట్టి మర్దన మొదటి రెండు రోజులు వద్దు, వాపు పెరుగుతుంది. ఆ కాలి మీద నాలుగడుగులు వేయలేకపోతే, లేదా చీలమండ ఎముక వెనక అంచు నొక్కితే నొప్పెడితే ఎక్స్‌రే తీయించండి. మళ్ళీ ఆడేముందు ఆ ఒక్క కాలి మీద పదిసార్లు నొప్పి లేకుండా ఎగరగలగాలి. ఫైనల్ ఉందని స్ప్రే కొట్టుకుని దిగితే, నెల రోజుల్లో పోయే గాయం సెమిస్టరంతా ఉంటుంది. క్యూబులు మోయడం కూడా కుదరదు.

ఏప్రిల్, మే ఎండల్లో పొద్దున ఏడు లోపు ప్రాక్టీసు ముగించండి. ఒట్టి నీళ్ళు చాలవు. లీటరు నీళ్ళకి ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూన్ ఉప్పు. కొలత తప్పకూడదు, ఉప్పు ఎక్కువైతే మేలుకి బదులు కీడు. మెస్సు తిండిలో ప్రొటీన్ తక్కువని సప్లిమెంట్ డబ్బాలు కొనేవాళ్ళు ముందు రెండు గుడ్లు, పప్పు రెండో గరిటె, గుప్పెడు వేరుశెనగలు, ఒక గ్లాసు పాలు రోజూ తింటున్నారో లేదో చూసుకోండి. వేరుశెనగ పండే జిల్లాలో ఉండి డబ్బాల వెంట పడటమేంటి నాయనా! (నవ్వులు)

సేవ దగ్గరికొద్దాం. ఇందులో జరిగే తప్పు వేరు. ప్రభుత్వ పాఠశాలలో పిల్లలకి లెక్కలు చెప్తామని పదిమంది మొదలుపెడతారు. మూడు శనివారాలు అందరూ వస్తారు, మిడ్స్ వారం ఎవరూ రారు, ఆ తర్వాత ఇద్దరే మిగులుతారు. ఆ పిల్లలు ఎదురుచూసి ఎదురుచూసి, మీ తర్వాత ఎవరొచ్చినా నమ్మరు. ఇట్లా చేసేదానికన్నా మొదలుపెట్టకపోవడం మేలని నా అభిప్రాయం. చేసేటట్టయితే ఇద్దరిద్దరు జతలుగా, జత జతకీ వేరే బ్రాంచి వాళ్ళు ఉండేటట్టు చూడండి, ల్యాబు పరీక్షలు ఒకే రోజు పడవు. సెమిస్టరుకి పన్నెండు వారాలే చెప్తామని, ఫలానా వారాల్లో రామని మొదటి రోజే హెడ్‌మాస్టరుకి కాగితం మీద ఇవ్వండి. ఎవరికి ఎక్కడిదాకా చెప్పారో ఒక నోటుబుక్ స్కూల్లోనే ఉంచండి.

బ్రహ్మోత్సవాలు తొమ్మిది రోజులు, గరుడ సేవ ఐదో రోజు. సేవకి పేరిచ్చినవాళ్ళే కాదు, ఇవ్వనివాళ్ళు కూడా ఆ తేదీలు రాసుకోవాలి. బస్సులు దారి మళ్ళుతాయి, అరగంట దారికి రెండు గంటలు పడుతుంది. క్యూబు తీయాల్సిన బుధవారం గరుడ సేవ రోజైతే, హాస్టల్లో ఉండే జట్టు సభ్యుడికి ఆ పని ముందే అప్పజెప్పండి.

రక్తదానం చేసే క్రీడాకారులు తప్పకుండా వినండి. వయసు 18 నిండాలి, బరువు 45 కిలోలకి తగ్గకూడదు, హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి. మగవాళ్ళు మూడు నెలలకొకసారి, ఆడవాళ్ళు నాలుగు నెలలకొకసారి. ఇచ్చిన రోజు ఆట, బరువులు వద్దు. పోయిన ద్రవం ఒకటి రెండు రోజుల్లో సర్దుకుంటుంది. ఎర్రకణాలు మాత్రం నిండటానికి కొన్ని వారాలు పడుతుంది, అందాకా పరుగులో ఆయాసం తెలుస్తుంది. కాబట్టి టోర్నమెంటుకి నెలన్నర లోపల ఇవ్వకండి, పోటీ అయ్యాక ఇవ్వండి. క్యాంపులో పేరు రాసుకునే టేబులు దగ్గర కూర్చోవడం, ఇచ్చినవాళ్ళని పదిహేను నిమిషాలు కదలకుండా చూసుకోవడం కూడా సేవే.

క్యాలెండర్‌లో రాయలేని సేవ ఇంకొకటుంది. 2021 నవంబరులో తిరుపతి వీధుల్లో వరద ఎట్లా వచ్చిందో ఊరివాళ్ళకి గుర్తుంది. అట్లాంటప్పుడు సొంతంగా నీళ్ళలోకి దిగకండి. మోకాలి పైకి వచ్చి ప్రవహిస్తున్న నీళ్ళు మనిషిని పడేస్తాయి. మ్యాన్‌హోల్ మూత ఉందో లేదో కనబడదు, కరెంటు స్తంభం ఎక్కడ తడిసిందో తెలీదు. ఎన్‌ఎస్‌ఎస్ ప్రోగ్రాం ఆఫీసరుకి చెప్పి, పొడి నేల మీద చేసే పని తీసుకోండి: పొట్లాలు కట్టడం, మందులు కావాల్సినవాళ్ళ జాబితా రాయడం, ఫోన్లు చార్జింగ్ పెట్టించడం. మొదట మిగిల్చిన ఆ పది గంటలు ఇందుకే. వాటిని ఇంకో క్లబ్బుకి ఇచ్చేయకండి.

నా మాట అయ్యింది. ప్రశ్నలుంటే అడగండి.

ప్రశ్న: సార్, మేము సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్). మాకు క్యూబులూ గీబులూ ఉండవు కదా?

అదృష్టవంతులు నాయనా. మీ మోడల్ మీరు నిద్రపోయేటప్పుడు కూడా ట్రెయిన్ అవుతుంది. కానీ కొలాబ్ (గూగుల్ కంప్యూటర్ల మీద ప్రోగ్రాం నడిపే సర్వీసు) ఉచిత సెషన్ మధ్యలో తెగిపోతుంది. చెక్‌పాయింట్ (మోడల్ అప్పటిదాకా నేర్చుకున్నది) ప్రతి ఎపోక్‌కీ, అంటే డేటా మొత్తం ఒకసారి చూసిన ప్రతిసారీ, డ్రైవ్‌లోకి సేవ్ అయ్యేట్టు రాయకపోతే, పొద్దున గ్రౌండు నుంచి వచ్చేసరికి సున్నా. ర్యాండమ్ సీడ్, లైబ్రరీ వెర్షన్లు రాసిపెట్టుకోండి. ఒకే మనిషి ఫోటోలు మోడల్‌కి నేర్పే ట్రెయినింగ్ డేటాలోనూ, పరీక్షించే టెస్ట్ డేటాలోనూ ఉంటే 98 శాతం సరైన జవాబులు వస్తాయి, ఆ 98 అబద్ధం. ముందు మనుషుల వారీగా విడదీయండి. మీకూ కదలని తేదీ ఒకటుంది, కాన్ఫరెన్స్ డెడ్‌లైన్. దానికి వారం ముందే ప్రయోగాలు ఆపేసి రాయడం మొదలుపెట్టండి.

ప్రశ్న: అన్నీ చూసుకున్నా రెండు తేదీలు ఒకే రోజు పడితే ఏది వదలాలి సార్?

మళ్ళీ దొరకనిదాన్ని పట్టుకోండి. ఎక్స్‌టర్నల్ ల్యాబు పరీక్ష, 28వ రోజు పరీక్ష, సెమీఫైనల్, ఈ మూడింట్లో క్యూబు పరీక్ష ఇంకొకరు చేయగలరు. పరీక్ష మీరే రాయాలి, ఆట మీరే ఆడాలి. కాబట్టి మొదటి నుంచి ప్రతి పనిలో మీ చోట నిలబడగల ఒకరికి నేర్పి ఉంచాలి. పరీక్షకీ ఆటకీ పోటీ వస్తే, యూనివర్సిటీ తరఫున ఆడేవాళ్ళకి తర్వాత పరీక్ష పెడతారేమో పీడీ ద్వారా రాతపూర్వకంగా అడగండి. రాతలో జవాబు రాకపోతే పరీక్షే రాయండి. జట్టుకి ఆ మాట ముందు రోజు చెప్తే తిడతారు, పదిహేను రోజుల ముందు చెప్తే ఇంకొకర్ని సిద్ధం చేసుకుంటారు.

ప్రశ్న: నేను పుత్తూరు నుంచి రోజూ వస్తాను సార్. సాయంత్రం కాలేజీ బస్సు పోతే మళ్ళీ ఇబ్బంది. నాకు ఆటా ల్యాబూ రెండూ ఎట్లా కుదురుతాయి?

నీ లెక్క వేరేగా వేయాలమ్మా. నీకు రానూపోనూ రోజుకి రెండున్నర గంటలు పోతాయి, అంటే వారానికి 15. నా లెక్కలో 9 వేశాను. ఆ ఆరు గంటలు మిగిలిన పదిలోంచి తీసెయ్, నాలుగే మిగిలాయి. కాబట్టి రోజూ ప్రాక్టీసు ఉండే జట్టు ఆట నీకు కష్టం. అథ్లెటిక్స్, షటిల్ లాంటివైతే మూడు రోజులు ఊళ్ళోనే పొద్దున చేసుకుని, రెండు రోజులు ఇక్కడ చేయొచ్చు. పీడీ సార్‌తో ఆ మాట మొదటి నెలలోనే మాట్లాడు. ల్యాబు పని మధ్యాహ్నం ఖాళీ ఉన్న రోజుకే పెట్టుకో, సాయంత్రం దాకా సాగే పని తీసుకోకు. మీ జట్టులో అచ్చులు విప్పడం హాస్టల్ వాళ్ళకిచ్చి, తూకాల లెక్కలు, గ్రాఫులు, రాయడం నువ్వు తీసుకో. బస్సులో కూర్చోవడానికి చోటు దొరికితే పేపరు అబ్‌స్ట్రాక్టు, బొమ్మలు, ముగింపు, ఈ మూడూ చదివి పనికొస్తుందో లేదో గుర్తు పెట్టుకో. పూర్తిగా చదివేది ఇంటికి పోయాక. సేవ మీ ఊరి స్కూల్లోనే చేస్తానని ఎన్‌ఎస్‌ఎస్ ఆఫీసరుని అడుగు. హెడ్‌మాస్టరు సంతకంతో గంటలు లెక్కలోకి వస్తాయేమో ఆయన చెప్తారు. ఇవాళ్టి బస్సు ఐదున్నరకేనా? అయితే బయల్దేరమ్మా, ఐదూ ఇరవై అయింది.